కలపడం, కలవడం: ‘డీసెగ్రిగేషన్’ అనే మాట వెనక చరిత్ర

ఏటా జనవరి మూడో సోమవారం మార్టిన్ లూథర్ కింగ్ సెలవు వస్తుంది. ఆ వెంటనే ఫిబ్రవరిలో నల్లజాతి చరిత్ర మాసం. పిల్లలు వారమంతా ఇంగ్లీషు బడిలో ఆ పాఠాలు విని, శనివారం మన తరగతికి వస్తారు. నిరుడు నా తరగతిలో పదేళ్ల అమ్మాయి ఒకతె “టీచర్, డీసెగ్రిగేషన్‌ని తెలుగులో ఏమంటారు?” అని అడిగింది. తన ప్రాజెక్టు గురించి ఊళ్లో ఉన్న అమ్మమ్మకి ఫోన్‌లో చెప్పాలట. నేను పెద్దగా ఆలోచించకుండా “అందర్నీ కలిపేయడం” అన్నాను. ఆ పిల్ల ఒక్క క్షణం ఆగి, “కానీ టీచర్, రూబీ బ్రిడ్జెస్ క్లాసులో రూబీ ఒక్కతే ఉంది కదా! ఎవరితో కలిపారు?” అంది.

అప్పటికప్పుడు నా దగ్గర జవాబు లేదు. వచ్చే వారం చెప్తానని తప్పించుకున్నాను. ఆ వారం రోజులూ చదివి, ఆలోచించి, తర్వాత తోటి టీచర్లతో మాట్లాడి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను. ఇది పిల్లలకి యథాతథంగా చదివి వినిపించే పాఠం కాదు. ఆ ప్రశ్న మీ తరగతిలో వచ్చినప్పుడు మీకు ఆసరాగా ఉండాలని రాసింది.

ముందు మన మాటలు సరిచూసుకుందాం

‘సెగ్రిగేషన్’ లాటిన్ నుంచి వచ్చిన మాట. మూలార్థం ‘మంద నుంచి వేరుచేయడం’. గొర్రెల మందలోంచి కొన్నిటిని విడదీసి అవతల కట్టేసినట్టు అన్నమాట. దాని ముందు ‘డీ’ చేరిస్తే ఆ పనిని వెనక్కి తిప్పడం అని అర్థం వస్తుంది. అంటే డీసెగ్రిగేషన్ అనే మాటలోనే ‘ఎవరో ముందు వేరుచేశారు’ అన్న సంగతి దాగి ఉంది. ఎవరూ వేరుచెయ్యనిదాన్ని తిరిగి కలపాల్సిన పనే లేదు కదా.

తెలుగు పత్రికల్లో దీనికి దగ్గరగా మూడు నాలుగు మాటలు కనిపిస్తాయి. వాటిని ఒక్కొక్కటిగా చూద్దాం.

వర్ణవివక్ష అన్నది అన్నిటికంటే ఎక్కువ వాడుకలో ఉంది. దక్షిణాఫ్రికా గురించి రాసినా, అమెరికా గురించి రాసినా ఇదే మాట. కానీ వివక్ష అంటే తేడాగా చూడటం. ఒకే గదిలో, ఒకే బల్ల మీద కూర్చోబెట్టి కూడా తేడాగా చూడొచ్చు. వేరే గదిలో కూర్చోబెట్టమని చట్టం రాయడం అంతకు మించిన సంగతి. పైగా ‘వర్ణం’ అంటే పిల్లలకి రంగు, అమ్మమ్మలకి చాతుర్వర్ణాలు. ‘జాతి’ కూడా అంతే. జాతీయ గీతంలో ఒక అర్థం, నల్లజాతి అన్నప్పుడు ఒక అర్థం, ఊళ్లో “ఏ జాతి వాళ్లు?” అని అడిగినప్పుడు ఇంకో అర్థం.

వేర్పాటు అనే మాటతో ఇంకో చిక్కు ఉంది. మన పత్రికల్లో వేర్పాటువాదులు అంటే తమకి ప్రత్యేక రాష్ట్రమో దేశమో కావాలని అడిగేవాళ్లు. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతి వాళ్లని వేరే బడులకి పంపింది వాళ్లు అడిగితే కాదు. తెలుగులో ‘వేరుపడటం’ ఒకటి, ‘వేరుపెట్టడం’ ఒకటి. అన్నదమ్ములు వేరుపడతారు, అది వాళ్ల ఇష్టం. వేరుపెట్టడం మాత్రం ఒకరు ఇంకొకరికి చేసే పని. సెగ్రిగేషన్‌కి సరిపోయేది ఈ రెండోదే.

వెలివేయడం కూడా దగ్గరి మాటే, కానీ వెలి అంటే మామూలుగా ఏదో తప్పు మోపి వేసే శిక్ష. ఇక్కడ తప్పుతో పని లేదు. పుట్టుకే చాలు.

అందుకని చిన్న పిల్లలకి ‘వేరుపెట్టే పద్ధతిని తీసేయడం’ అని చెప్పండి. పెద్ద తరగతుల్లో ‘జాతి విభజన రద్దు’ అనొచ్చు. ‘కలిపేయడం’ అని మాత్రం నాలాగా తొందరపడి చెప్పకండి. ఎందుకో తెలియాలంటే చరిత్రలోకి వెళ్లాలి.

చట్టం గీసిన గీత

1890లో లూసియానా రాష్ట్రం రైళ్లలో తెల్లవాళ్లకి, నల్లవాళ్లకి వేరు వేరు పెట్టెలు ఉండాలని చట్టం చేసింది. దాన్ని ఎదిరించాలనే ఉద్దేశంతో 1892లో హోమర్ ప్లెసీ అనే ఆయన తెల్లవాళ్ల పెట్టెలో ఎక్కి అరెస్టయ్యాడు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1896లో కోర్టు, సౌకర్యాలు సమానంగా ఉంటే వేరుగా ఉంచడం తప్పు కాదని చెప్పింది. ఏడుగురు అటు, ఒక్కరు ఇటు. ఆ ఒక్కరు జస్టిస్ జాన్ మార్షల్ హార్లన్.

‘వేరుగా, కానీ సమానంగా’ అన్న ఈ సూత్రం మీద దక్షిణాదిలో అర్ధ శతాబ్దానికి పైగా బడులు, బస్సులు, హోటళ్లు, మంచినీళ్ల కుళాయిలు నడిచాయి. వేరు అన్నది అక్షరాలా అమలైంది, సమానం కాగితం మీదే ఉండిపోయింది.

ఈ గీత నలుపు, తెలుపుల దగ్గరే ఆగలేదు. మిసిసిపీలో మార్తా లమ్ అనే చైనీస్ కుటుంబపు అమ్మాయిని తెల్లపిల్లల బడిలోంచి పంపేశారు. 1927లో సుప్రీంకోర్టు అది రాష్ట్రం ఇష్టమేనని తీర్పు చెప్పింది. అంతకు నాలుగేళ్ల ముందు, 1923లో, అదే కోర్టు భగత్ సింగ్ థిండ్ అనే పంజాబీ వ్యక్తి కేసులో, భారతీయులు చట్టం దృష్టిలో తెల్లవాళ్లు కారు, కాబట్టి పౌరసత్వానికి అర్హులు కారు అంది. మన పిల్లలు ఆ రోజుల్లో మిసిసిపీలో ఉండి ఉంటే ఏ బడికి వెళ్లేవాళ్లో ఊహించడం కష్టం కాదు.

మాట వాడుకలోకి వచ్చిన వైనం

1948 జూలై 26న అధ్యక్షుడు ట్రూమన్ సైన్యంలో ఈ విభజనకి ముగింపు పలికిన ఉత్తర్వు ఇచ్చారు. అదే 9981వ ఉత్తర్వు. ఇవాళ అందరూ దాన్ని ‘సైన్యంలో డీసెగ్రిగేషన్’ అనే చెప్పుకుంటారు, కానీ ఉత్తర్వులో ఆ మాట లేదు. ‘సమానంగా చూడటం, సమాన అవకాశం’ అని మాత్రమే ఉంది. డీసెగ్రిగేషన్ అన్న మాట జనం నోట బాగా నానింది 1950లలో, బడుల గొడవతోనే.

ఆ గొడవకి పిల్లలు కూడా కారణమని మన పిల్లలకి తప్పకుండా చెప్పాలి. వర్జీనియాలో ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీలో మోటన్ హైస్కూల్ అని నల్లజాతి పిల్లల బడి ఉండేది. 180 మందికి కట్టిన బడిలో 450 మందికి పైగా చదివేవారు. చోటు చాలక, తారు కాగితం కప్పిన షెడ్లలో పాఠాలు చెప్పేవారు. 1951 ఏప్రిల్ 23న బార్బరా జాన్స్ అనే పదహారేళ్ల అమ్మాయి తోటి పిల్లల్ని కూడగట్టి సమ్మె చేయించింది. వాళ్లు మొదట అడిగింది మంచి భవనం, అంతే. అంటే ‘సమానం’ అడిగారు. వచ్చిన లాయర్లు మాత్రం, వేరుపెట్టే పద్ధతినే సవాలు చేస్తామంటేనే కేసు తీసుకుంటామన్నారు. పిల్లలూ పెద్దలూ ఒప్పుకున్నారు. “మాకూ మంచి బడి ఇవ్వండి” అన్న కోరిక “మమ్మల్ని వేరుపెట్టొద్దు” అన్న కోరికగా మారింది. మన మాటకి అసలు పునాది అక్కడ ఉంది.

ఈ కేసు, కాన్సాస్ రాష్ట్రం టొపీకాలోని బ్రౌన్ కుటుంబం కేసు, సౌత్ కరొలైనా, డెలవేర్ కేసులు కలిపి సుప్రీంకోర్టు 1954 మే 17న తీర్పిచ్చింది. తొమ్మిది మంది న్యాయమూర్తులదీ ఒకటే మాట: బడుల్లో వేరుగా ఉంచడం అంటేనే అసమానం. కానీ ఎప్పటిలోగా మార్చాలి? 1955 మే 31న వచ్చిన రెండో తీర్పు గడువు పెట్టలేదు. తగిన ఆలోచనతో, తగిన వేగంతో చెయ్యమంది. ఆలోచన అన్నదాన్ని పట్టుకుని వేగాన్ని వదిలేసిన ఊళ్లు చాలా ఉన్నాయి. బార్బరా జాన్స్ కౌంటీ అయితే పిల్లల్ని కలపడానికి ఒప్పుకోక, 1959 నుంచి 1964 దాకా ప్రభుత్వ బడులనే మూసేసింది. తెల్లపిల్లలకి ప్రైవేటు బడి పెట్టుకున్నారు. నల్లజాతి పిల్లల్లో చాలామందికి చదువే లేకుండా పోయింది.

ఒకే మాట, రెండు అర్థాలు

తీర్పు వచ్చాక తగువు మాట అర్థం మీదకి మళ్లింది. 1955లోనే సౌత్ కరొలైనా కేసులో ఒక ఫెడరల్ కోర్టు, రాజ్యాంగం వేరుపెట్టొద్దంటుందే తప్ప కలపమని చెప్పదు అంది. వినడానికి చిన్న తేడాలా ఉంటుంది. ఆచరణలో, గేటు తాళం తీశాం, రాకపోతే మా తప్పు కాదు అని చెప్పుకోవడానికి అది దారి ఇచ్చింది.

1964 పౌర హక్కుల చట్టం ఈ మాటకి నిర్వచనం రాసింది. జాతి, రంగు, మతం, మూల దేశం చూడకుండా పిల్లల్ని ప్రభుత్వ బడులకి కేటాయించడమే డీసెగ్రిగేషన్ అంది. వెంటనే ఇంకో ముక్క చేర్చింది: బడుల్లో జాతుల పాళ్లు సరిచెయ్యడం కోసం పిల్లల్ని కేటాయించడం మాత్రం దీని కిందికి రాదు.

మరి తాళం తీస్తే చాలా? వర్జీనియాలోనే న్యూ కెంట్ కౌంటీలో రెండే బడులు ఉండేవి. ఒకటి తెల్లపిల్లలది, ఒకటి నల్లజాతి పిల్లలది. 1965లో ‘ఎవరికి ఇష్టమైన బడికి వాళ్లు వెళ్లొచ్చు’ అన్నారు. మూడేళ్లలో ఒక్క తెల్లపిల్లాడు కూడా రెండో బడికి రాలేదు. నల్లజాతి పిల్లల్లో నూటికి 85 మంది పాత బడిలోనే ఉన్నారు. 1968లో సుప్రీంకోర్టు ఇది చాలదంది. వేరుపెట్టే పద్ధతిని వేళ్లతో సహా పెకిలించాల్సిన బాధ్యత బోర్డుదేనని, దాన్ని తల్లిదండ్రుల ఇష్టాయిష్టాల మీదకి తోసెయ్యకూడదని చెప్పింది. 1971లో, నార్త్ కరొలైనాలోని షార్లట్ కేసులో, పిల్లల్ని బస్సుల్లో వేరే పేటల బడులకి పంపడానికీ ఒప్పుకుంది. అప్పట్లో ‘బలవంతపు బస్సులు’ అన్న మాట బాగా వినిపించింది. బాస్టన్ లాంటి ఉత్తరాది నగరంలో కూడా 1974లో పిల్లల బస్సుల మీద రాళ్లు పడ్డాయి.

అదే ఏడాది డెట్రాయిట్ కేసులో సుప్రీంకోర్టు అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపు చీలి, నగరం బడుల పరిహారం కోసం చుట్టూ ఉన్న శివారు జిల్లాలని లాగడానికి వీల్లేదంది. ఆ జిల్లాలు కూడా తప్పు చేశాయని రుజువైతే తప్ప కుదరదంది. డీసెగ్రిగేషన్ స్కూలు జిల్లా సరిహద్దు దగ్గర ఆగిపోయింది. ఇల్లు కొనేటప్పుడు మనలో చాలామంది మొదట చూసేది ఆ జిల్లానే, ఆ రేటింగునే. తప్పు చేస్తున్నామని అనడం లేదు, పిల్లల చదువు గురించి ఏ తల్లిదండ్రులైనా అలాగే ఆలోచిస్తారు. కానీ ఇవాళ చట్టం గీయని గీతలు ఎలా నిలబడి ఉన్నాయో పెద్ద పిల్లలు అడిగితే, మన వీధి నుంచే మొదలుపెట్టి చెప్పాల్సి వస్తుంది.

రూబీ తరగతి గది

ఇప్పుడు ఆ అమ్మాయి ప్రశ్నకి వద్దాం. 1960 నవంబర్ 14న ఆరేళ్ల రూబీ బ్రిడ్జెస్ న్యూ ఆర్లీన్స్‌లో విలియం ఫ్రాంట్జ్ ప్రాథమిక పాఠశాలలో అడుగుపెట్టింది. చుట్టూ ఫెడరల్ మార్షల్స్, బయట కేకలు వేసే గుంపు. తెల్ల తల్లిదండ్రులు పిల్లల్ని తీసుకుపోయారు. బాస్టన్ నుంచి వచ్చిన బార్బరా హెన్రీ అనే టీచర్ మాత్రం రూబీకి పాఠం చెప్పడానికి ఒప్పుకున్నారు. ఆ ఏడాది ఆ గదిలో ఒక టీచర్, ఒక విద్యార్థిని. తర్వాత కొద్దిమంది తెల్లపిల్లలు బడికి తిరిగి వచ్చినా, రూబీ చదువు విడిగానే సాగింది.

కోర్టు లెక్కలో ఆ రోజు ఆ బడి డీసెగ్రిగేట్ అయింది. రూబీకి ఆడుకోవడానికి తోడు మాత్రం దొరకలేదు.

1962 డిసెంబర్‌లో నాష్‌విల్‌లో చేసిన ప్రసంగంలో మార్టిన్ లూథర్ కింగ్ ఈ తేడానే విడమరిచి చెప్పారు. ఆయన మాటల సారం ఇది: డీసెగ్రిగేషన్ అడ్డంకిని తొలగిస్తుంది, చట్టంతో అది సాధ్యం. ఇంటిగ్రేషన్ అంటే మనుషులు ఒకరినొకరు మనస్ఫూర్తిగా స్వీకరించడం, దాన్ని చట్టంతో తేలేం. అయినా మొదటిది లేకుండా రెండోది రాదు.

ఇదంతా చెప్పడానికి తెలుగులో మంచి సదుపాయం ఉంది. ‘కలపడం’, ‘కలవడం’. ఒక్క అక్షరమే తేడా. కలపడం బయటివాళ్లు చేసే పని, కలవడం ఎవరికి వాళ్లు చెయ్యాల్సిన పని. అంటే మూడు మెట్లు: వేరుపెట్టే పద్ధతిని తీసేయడం, కలపడం, కలవడం. 1954 తీర్పు మొదటి మెట్టు. 1968 తర్వాత కోర్టులు రెండో మెట్టు ఎక్కించడానికి ప్రయత్నించాయి. మూడోది ఏ కోర్టు చేతిలోనూ లేదు.

టీచర్లుగా మనం గుర్తుపెట్టుకోవాల్సింది ఇంకొకటి ఉంది. బడులు కలిపినప్పుడు చాలా చోట్ల మూతపడింది నల్లజాతి బడే. అక్కడి టీచర్లు, హెడ్మాస్టర్లు వేల సంఖ్యలో ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. టొపీకాలో అయితే కేసు నడుస్తుండగానే, 1953లో, తీర్పు తమకి వ్యతిరేకంగా వస్తే తెల్ల తల్లిదండ్రులు ఒప్పుకోరు కాబట్టి వచ్చే ఏడాది పని ఇవ్వలేమని సూపరింటెండెంట్ ఒక నల్లజాతి టీచర్‌కి ఉత్తరం రాశాడు. పిల్లలకి తలుపు తెరుచుకున్నప్పుడు వాళ్ల టీచర్లకి మూసుకుంది. ‘కలిపేయడం’ అనే మాటలో ఈ నష్టం కనపడదు.

మనకి దీనితో సంబంధం

1964లో పౌర హక్కుల చట్టం వచ్చింది. 1965 అక్టోబర్ 3న వలస చట్టం వచ్చింది. పుట్టిన దేశాన్ని బట్టి కోటాలు పెట్టే పాత పద్ధతిని అది తీసేసింది. మనుషుల్ని పుట్టుకని బట్టి వేరుపెట్టకూడదన్న అదే వాదన రెండిటి వెనకా ఉంది. తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో ఈ దేశానికి రావడం ఆ తర్వాతే. బార్బరా జాన్స్, రూబీ లాంటి పిల్లలు తోసిన తలుపులోంచే మనమూ లోపలికి వచ్చామని పిల్లలకి చెప్పడం అతిశయోక్తి కాదు.

తర్వాతి శనివారం నేను ఆ అమ్మాయికి మూడు మెట్లూ చెప్పాను. తను అదే అమ్మమ్మకి చెప్పింది. ఆ పై వారం తరగతికి వచ్చి, “అమ్మమ్మకి వెంటనే అర్థమైపోయింది టీచర్. మా ఊళ్లో టీ కొట్టు దగ్గర రెండు గ్లాసులుండేవి, అలాంటిదేనా అంది. రెండు గ్లాసులేంటి?” అని అడిగింది.

రెండు గ్లాసుల పద్ధతి మనకి తెలిసిన మాటే. దళితులకి వేరే గ్లాసు, తాగాక వాళ్లే కడిగి పెట్టాలి. 1950లో అమల్లోకి వచ్చిన భారత రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 1955లో దాన్ని నేరంగా చేస్తూ చట్టమూ వచ్చింది. గ్లాసులు మాత్రం ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు రెండుగానే ఉన్నాయి. జాతి, కులం ఒకటి కావు, వాటి చరిత్రలూ వేరు. కానీ చట్టం ఒక రోజులో తీసేసినది వాడుకలోంచి పోవడానికి ఎంత కాలం పడుతుందో తెలియడానికి మనం అలబామా దాకా వెళ్లక్కర్లేదు.

ఆ రోజు ఇంకో పిల్లాడు “మీ తాతయ్య ఏ గ్లాసుతో తాగేవారు?” అని ఆ అమ్మాయిని అడిగాడు. తను “అడుగుతాను” అంది. నేను ఆ సంభాషణని ఆపలేదు. ఆపకూడదనే నా అభిప్రాయం. అయితే జవాబు చెప్పమని ఏ పిల్లనీ బలవంతపెట్టకూడదు. మీ తరగతిలో రెండు గ్లాసులకీ చెందిన కుటుంబాల పిల్లలు పక్క పక్కనే కూర్చుని ఉండొచ్చు.

తరగతిలో కొన్ని జాగ్రత్తలు

మొదటిది, మాట తీరు. ఇళ్లల్లో మనం అలవాటుగా “నల్లోళ్లు” అంటుంటాం. మాట కంటే ఆ విసురు పిల్లలకి ముందు అందుతుంది. తరగతిలో ‘నల్లజాతి వారు’, ‘ఆఫ్రికన్ అమెరికన్లు’ అనే వాడండి. ఎందుకని పిల్లలు అడిగితే చెప్పండి.

రెండోది, క్రియలతో ఆట. బోర్డు మీద ‘వేరుపడ్డారు, వేరుపెట్టారు, తీసేశారు, కలిపారు, కలిశారు’ అని రాసి, ఒక్కోదానికి ‘ఎవరు?’ అని అడగండి. ఎవరు వేరుపెట్టారు? ఎవరు తీసేశారు? కర్త ఎవరో వెతకడంలో వ్యాకరణమూ వస్తుంది, చరిత్రా వస్తుంది.

మూడోది, ఇంటి పని. పిల్లలు అమ్మమ్మకో తాతయ్యకో ఫోన్ చేసి, డీసెగ్రిగేషన్ అన్న మాట వాడకుండా రూబీ కథని తెలుగులో చెప్పాలి. అవతలి నుంచి ఏం జవాబు వచ్చిందో నాలుగు వాక్యాలు రాసుకురావాలి. ఆ వాక్యాల్లో తప్పులు దిద్దేటప్పుడు అక్షర దోషాలు మాత్రమే దిద్దండి. అమ్మమ్మ చెప్పిన మాటని అలాగే ఉంచండి.